పోయిన పూట కూలి దగ్గర మొదలుపెట్టండి

అందరికీ నమస్కారం.

అంతర్జాతీయ రగ్బీ లీగ్ టోర్నమెంట్ ఎలా ప్లాన్ చేయాలో చెప్పమన్నారు. అదీ ఒకే రకం ఆటగాళ్ళ కోసం కాదు. మగవాళ్ళు, ఆడవాళ్ళు, వీల్‌చైర్‌లో ఆడేవాళ్ళు, శారీరక వైకల్యంతో ఆడేవాళ్ళు, యాభై దాటినా ఆట వదలనివాళ్ళు, ఆట కొత్తగా నేర్చుకున్న దేశాలవాళ్ళు. షెడ్యూల్‌తోనో బడ్జెట్‌తోనో మొదలుపెడతానని మీరు అనుకుని ఉంటారు. నేను 1895 దగ్గర మొదలుపెడతాను. ఎందుకో మీకే తెలుస్తుంది.

ఆ ఏడాది ఆగస్టు 29న ఉత్తర ఇంగ్లండ్‌లోని హడర్స్‌ఫీల్డ్‌లో, జార్జ్ హోటల్‌లో రగ్బీ క్లబ్బులవాళ్ళు కూర్చున్నారు. గొడవ అప్పటికే ముదిరిపోయింది. అక్కడి ఆటగాళ్ళలో చాలామంది బొగ్గు గనుల్లో, మిల్లుల్లో పనిచేసేవాళ్ళు. మ్యాచ్ కోసం పని మానేస్తే ఆ పూట కూలి పోతుంది. లాభం అక్కర్లేదు, పోయిన కూలి ఇస్తే చాలు అని క్లబ్బులు అడిగాయి. ఆటను నడిపే పెద్దలు ససేమిరా అన్నారు. డబ్బు తీసుకుంటే ఆట పవిత్రత పోతుందన్నారు. దాంతో క్లబ్బులు విడిపోయి నార్దర్న్ యూనియన్ పెట్టుకున్నాయి. వాళ్ళ ఆటే తర్వాత రగ్బీ లీగ్ అయింది. పదిహేను మంది జట్టు పదమూడుకు తగ్గింది 1906లో. బంతి ఉన్నవాణ్ణి పట్టి ఆపడాన్ని ట్యాకిల్ అంటారు, అలాంటి ఆరు ట్యాకిళ్ళు పూర్తయితే బంతి అవతలి జట్టుకు ఇచ్చేయాలన్న రూలు చాలా తర్వాత, 1970ల మొదట్లో వచ్చింది. ఇవన్నీ తర్వాతి సంగతులు. ఈ ఆట విడిగా పుట్టడానికి కారణం రూలు కాదు, పూట కూలి.

ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. మైదానం దాకా రావడానికి ఆటగాడు ఏం పోగొట్టుకుంటున్నాడు? ప్లాన్ ఆ ప్రశ్నతో మొదలవ్వాలి. ఫైనల్ ఏ స్టేడియంలో, ఏ టీవీలో అన్నవి దాని తర్వాత.

ఇంతమందిని ఒక గొడుగు కిందికి తేవడం సాధ్యమేనా అంటే, ఒకసారి చేసి చూపించారు. 2021లో ఇంగ్లండ్‌లో జరగాల్సిన ప్రపంచ కప్, కోవిడ్ భయంతో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ తప్పుకోవడంతో ఏడాది వాయిదా పడి 2022 అక్టోబర్, నవంబర్ నెలల్లో జరిగింది. మగవాళ్ళవి 16 జట్లు, ఆడవాళ్ళవి 8, వీల్‌చైర్ జట్లు 8. మూడు ప్రపంచ కప్పులూ ఒకే సంస్థ కింద, ఒకే సమయంలో జరగడం అదే మొదలు. మొత్తం 61 మ్యాచ్‌లు. ఆడినందుకు ఇచ్చే ఫీజు మూడు పోటీల్లోనూ ఒకటే. దాని పక్కనే వారింగ్టన్‌లో శారీరక వైకల్యం ఉన్న ఆటగాళ్ళ ప్రపంచ కప్ కూడా జరిగింది. పూట కూలి ఇవ్వమంటే కుదరదన్న చోటు నుంచి అందరికీ ఒకే ఫీజు అన్న చోటికి రావడానికి ఈ ఆటకు 127 ఏళ్ళు పట్టింది. ఆ ఫీజు సంగతి చదివిన రోజు నాకు చాలా సంతోషం కలిగింది. ఇప్పటికీ ఎవరికైనా ఈ ఆట గురించి చెప్పాలంటే ముందు అదే చెబుతాను.

అలాగని అక్కడ అన్నీ సమానంగా జరిగాయని కాదు. తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. మగవాళ్ళకు గ్రూపు దశలో ఒక మ్యాచ్‌కీ ఇంకో మ్యాచ్‌కీ మధ్య దాదాపు వారం గడువు ఉంది. ఇంగ్లండ్ మహిళలు నవంబర్ 1న ఆడారు, మళ్ళీ 5న, మళ్ళీ 9న. వీల్‌చైర్ జట్టు 3న, 6న, 9న. మూడు రోజులకొక మ్యాచ్. అడ్డం పడి ఆపుతూ, కింద పడుతూ లేస్తూ ఎనభై నిమిషాలు ఆడిన ఒళ్ళు నాలుగు రోజుల్లో కోలుకోవాలంటే కష్టం.

ఇలా ఎందుకవుతుంది? ప్లాన్ చేసేవాళ్ళకు బుద్ధి లేక కాదు. మహిళల ఆటలో, వీల్‌చైర్ ఆటలో చాలామందికి వేరే ఉద్యోగం ఉంటుంది. నర్సులు, టీచర్లు, దుకాణాల్లో పనిచేసేవాళ్ళు. వాళ్ళను అయిదు వారాలు సెలవు పెట్టి రమ్మంటే రాలేరు. టోర్నమెంట్ చిన్నదిగా చేస్తే పోయే జీతం తగ్గుతుంది, ఒళ్ళు హూనమవుతుంది. పెద్దదిగా చేస్తే ఒంటికి విశ్రాంతి దొరుకుతుంది, ఇంట్లో జీతం ఆగిపోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చాలా ఏళ్ళు నేను కూడా దీన్ని క్యాలెండర్ సమస్య అనుకుని తేదీలు అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాను. ఎంత జరిపినా తేలలేదు. ఇది క్యాలెండర్‌తో తేలేది కాదు. పోయే జీతం మనం భరిస్తే తప్ప ఆ అదనపు రోజులు దొరకవు. అందుకే నా బడ్జెట్‌లో స్టేడియం అద్దె కంటే పైన ఒక వరుస ఉంటుంది: ఆటగాళ్ళు పోగొట్టుకునే పని దినాలు. జట్టువారీగా, మనిషివారీగా. ఆ అంకె చూస్తే ముందు టెన్షన్ వస్తుంది. కానీ ఆ ఖర్చు మనం రాసినా రాయకపోయినా ఉంటుంది. మనం రాయకపోతే దాన్ని మోసేది ఆటగాళ్ళే.

ఇక వీల్‌చైర్ రగ్బీ లీగ్. దీని గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను. నా దృష్టిలో ఇందులో ఉన్నంత గొప్ప ఆలోచన ఇంకే ఆటలోనూ లేదు.

పారాలింపిక్స్‌లో కనిపించే వీల్‌చైర్ రగ్బీ వేరు, ఇది వేరు. ఇది ఫ్రాన్స్‌లో పుట్టింది. జట్టుకు అయిదుగురు. బంతి రగ్బీ బంతే. వెనక్కే పాస్ చేయాలి, ఆరు ట్యాకిళ్ళే. భుజాలకు ట్యాగులు అంటించి ఉంటాయి, బంతి పట్టుకున్నవాడి ట్యాగు పీకితే ట్యాకిల్ అయినట్టు. కాలితో తన్నడానికి బదులు పిడికిలితో కొడతారు. ఆడవాళ్ళు, మగవాళ్ళు ఒకే జట్టులో ఆడతారు. ఇంగ్లండ్ జట్టులో జోడీ బాయ్డ్‌వార్డ్ అలాగే ఆడింది. ఏ వైకల్యం లేనివాళ్ళు కూడా కుర్చీలో కూర్చుని ఆడవచ్చు, అంతర్జాతీయ మ్యాచ్‌లో ఒక జట్టు నుంచి అలాంటివాళ్ళు ఒకేసారి ఇద్దరికి మించకూడదు. అన్నకు వెన్ను దెబ్బతింటే తమ్ముడు కూడా అదే జట్టులో ఆడవచ్చన్నమాట.

ఈ ఆటకు టోర్నమెంట్ పెట్టాలంటే ముందు కుర్చీని చూడటం నేర్చుకోవాలి. ఆట కుర్చీ చక్రాలు నిటారుగా ఉండవు. పైన దగ్గరగా, కింద దూరంగా వాలి ఉంటాయి. గట్టిగా తిప్పినా బోల్తా పడకుండా అలా పెడతారు. అందువల్ల కింద భాగం మామూలు కుర్చీ కంటే చాలా వెడల్పు.

నాకు ఈ సంగతి తెలిసిన తీరు చెప్పాలి. నేను మొదటిసారి ఏర్పాట్లు చూసిన వీల్‌చైర్ పోటీ అది. హాలు పేరు చెప్పను. ముందే ఫోన్ చేసి అడిగాను: వీల్‌చైర్ లోపలికి పడుతుందా? పడుతుందండీ, ర్యాంపు కూడా ఉంది అన్నారు. వాళ్ళు అబద్ధం చెప్పలేదు. మామూలు కుర్చీ పడుతుంది. మ్యాచ్ రోజు పొద్దున మొదటి జట్టు డ్రెస్సింగ్ రూమ్ తలుపు దగ్గరికి వచ్చింది. ముందున్న ఆటగాడి కుర్చీ చక్రాల అడుగు రెండు వైపులా చౌకట్టుకు తగిలి ఆగిపోయింది. అతను వెనక్కి వెళ్ళి, కొంచెం ఏటవాలుగా మళ్ళీ ప్రయత్నించాడు. పడలేదు. వెనక పదకొండు మంది క్యూలో ఆగిపోయారు. చివరికి వాళ్ళంతా నడవాలోనే జెర్సీలు మార్చుకున్నారు. వలంటీర్లు తువ్వాళ్ళు అడ్డం పట్టుకుని నిలబడ్డారు. జట్టులో ఇద్దరు అమ్మాయిలు. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నాం. ఒక టేపు తీసుకెళ్ళి తలుపు కొలిచి ఉంటే సరిపోయేది. అప్పటి నుంచి ఫోన్లో అడగడం మానేశాను. జట్ల నుంచి అన్నిటికంటే వెడల్పైన కుర్చీ కొలత తెప్పించుకుంటాను. టేపు పట్టుకుని వెళ్ళి తలుపులు, లిఫ్టు, టాయిలెట్, షవరు అన్నీ నేనే కొలుస్తాను. పతకాలు ఇచ్చే వేదిక కూడా. పోటీ అంతా బాగా జరిపి, చివర్లో కెప్టెన్‌ని కుర్చీతో సహా ఎత్తుకుని వేదిక ఎక్కించడం కంటే సిగ్గుచేటు ఇంకోటి లేదు.

రెండో విషయం, లెక్క. పన్నెండు మంది జట్టంటే పన్నెండు కుర్చీలు కావు. ఆట కుర్చీ ఒకటి, రోజువారీ కుర్చీ ఇంకొకటి, పైగా విడి చక్రాలు, ట్యూబులు, పంపు, పనిముట్ల పెట్టె. జట్టుకు ఒక బస్సు సరిపోదు, వెనక వ్యాను ఉండాలి. విమానంలో వచ్చేటప్పుడు లగేజీలో కుర్చీ వంగిపోతే? ఆట కుర్చీ ఆ మనిషి ఒంటి కొలతకు చేసింది, ఇంకొకరిది పనికిరాదు. అందుకే జట్లను మొదటి మ్యాచ్‌కు కనీసం మూడు రోజుల ముందు రప్పించాలి. వెల్డింగ్ చేసేవాళ్ళను ముందే మాట్లాడి పెట్టుకోవాలి. డాక్టర్ ఎంత అవసరమో వెల్డర్ అంతే అవసరం.

మూడోది వేడి. వెన్నుపాము పై భాగంలో దెబ్బతిన్నవాళ్ళకు ఆ కింది ఒంటికి చెమట సరిగా పట్టదు. ఒళ్ళు వేడెక్కితే చల్లబడే దారి ఉండదు. హాలు చల్లగా ఉండాలి, బెంచీ దగ్గర ఐసు, తడి తువ్వాళ్ళు ఉండాలి. ప్రేక్షకులు నిండిన హాలు ఖాళీ హాలు కంటే వేడిగా ఉంటుందని మర్చిపోవద్దు.

ప్రేక్షకులు నిండుతారా అని సందేహపడేవాళ్ళకు ఒక మాట. 2022 వీల్‌చైర్ ఫైనల్ నవంబర్ 18న మాంచెస్టర్ సెంట్రల్‌లో జరిగింది. ఒకప్పుడు రైల్వే స్టేషన్‌గా ఉన్న భవనం అది. 4,526 మంది వచ్చారు. ఫ్రాన్స్, ఇంగ్లండ్ సమానంగా కొట్టుకుంటూ వస్తే, చివరి నిమిషాల్లో ఇంగ్లండ్ కెప్టెన్ టామ్ హాలివెల్ ట్రై చేసి, అంటే బంతిని అవతలి గీత దాటించి నేలకు తాకించి, 28-24తో ఇంగ్లండ్‌ను గెలిపించాడు. చక్రం చక్రానికి తగిలినప్పుడు వచ్చే చప్పుడు, ట్యాగు పీకినప్పుడు వచ్చే చర్రుమనే శబ్దం వింటే, జాలిపడి చూసే ఆట కాదని ఎవరికైనా మొదటి నిమిషంలోనే అర్థమవుతుంది.

నిల్చుని ఆడే ఆటల్లో ఆటగాళ్ళు ఒకరినొకరు ఢీకొనే తీరును ఎలా సర్దాలో ఇంకో రెండు పోటీలు చూపిస్తాయి. శారీరక వైకల్యం ఉన్నవాళ్ళ రగ్బీ లీగ్‌లో కొందరు వేరే రంగు షార్ట్స్ వేసుకుంటారు. వాళ్ళను ఢీకొట్టి పడేయకూడదు, తాకితే చాలు. మాస్టర్స్ ఆటలో, అంటే ముప్పై అయిదు దాటినవాళ్ళ ఆటలో, వయసును బట్టి షార్ట్స్ రంగు మారుతుంది, రంగును బట్టి ట్యాకిల్ మారుతుంది. మైదానంలో ఎవరి వైద్య చరిత్రా చదవక్కర్లేదు. పరిగెత్తేవాడు రంగు చూస్తాడు, తెలిసిపోతుంది. కాబట్టి రంగులు, వాటి అర్థాలు అన్ని జట్లకూ, రిఫరీలకూ వాళ్ళ వాళ్ళ భాషల్లో ముందే పంపండి. ఎర్ర రంగుకు ఒక దేశంలో ఒక అర్థం, ఇంకో దేశంలో ఇంకో అర్థం ఉంటే ఎవరిదో భుజం విరుగుతుంది.

మహిళల పోటీల గురించి చాలామంది మాట్లాడతారు కాబట్టి నేను కొంచెమే చెబుతాను. చంటిపిల్లల తల్లులు జట్టులో ఉంటారు. బిడ్డకు, బిడ్డను చూసుకునే మనిషికి గది ఎవరు ఇస్తారో ముందే రాసుకోండి. తెల్ల షార్ట్స్ ఇవ్వకండి, కారణం వివరించనక్కర్లేదు. ఫైనల్ మగవాళ్ళ ఫైనల్‌తో ఒకే రోజు పెడితే మంచిదే, 2022లో ఓల్డ్ ట్రాఫోర్డ్‌లో అలాగే పెట్టారు. అయితే జనం ఇంకా సీట్లలోకి వస్తుండగా మహిళల ఫైనల్ మొదలైతే అందులో గౌరవం లేదు. గేట్లు ముందే తెరవాలి, రైళ్ళ వేళలు చూసుకోవాలి.

ఇప్పుడు కొత్త దేశాలు. ఇక్కడ నాకు బాధా ఉంది, ఆశా ఉంది.

2022లో ఇంగ్లండ్ పురుషులు గ్రీస్‌ను 94-4తో ఓడించారు. ఇలాంటి మ్యాచ్‌లు ఎందుకు, జట్లు తగ్గించండి అన్నవాళ్ళు ఉన్నారు. ఆ గ్రీస్ జట్టు అక్కడికి ఎలా వచ్చిందో తెలుసుకోండి. వాళ్ళ దేశంలో ఆటకు ప్రభుత్వ గుర్తింపు లేదు. దొంగచాటుగా రాత్రిళ్ళు ఆడుకున్నారు. సొంత గడ్డ మీద ఆడాల్సిన అర్హత మ్యాచ్ లండన్ వెళ్ళి ఆడారు. గుర్తింపు వచ్చింది 2022లో, ప్రపంచ కప్పు ముంగిట్లో. ఆ 94 పాయింట్ల వెనక అంత దూరం ఉంది.

ఆ ఏడాదే తొలిసారి వచ్చిన బ్రెజిల్ మహిళలు ఇంగ్లండ్‌తో 72-4తో ఓడారు. అదే జట్టు కెనడాతో 22-16 దాకా పోరాడి ఓడింది. ఆ రెండు స్కోర్లు ఒక కాగితం మీద పక్కపక్కన రాసుకోండి. డ్రా వేసేటప్పుడు, అంటే ఎవరు ఎవరితో ఆడాలో తేల్చేటప్పుడు, నేను పెట్టుకునే నియమం అక్కడి నుంచే వచ్చింది: కొత్త జట్టు ప్రతిదానికీ తనకు సరితూగే జట్టుతో కనీసం ఒక్క మ్యాచ్ ఉండాలి. పెద్ద జట్టుతో ఒకటి ఉండాలి, అది ఇంటికెళ్ళి చెప్పుకునే మ్యాచ్. సరిజోడుతో ఒకటి ఉండాలి, అది గెలవగలిగే మ్యాచ్. 1995లో ఇంగ్లండ్‌లో ప్రపంచ కప్ పక్కనే కొత్త దేశాలకు విడిగా పోటీ పెట్టారు, కుక్ ఐలాండ్స్ గెలిచింది. ఆ పద్ధతి నాకు ఇప్పటికీ నచ్చుతుంది. 2026 పోటీలకు మగవాళ్ళ జట్లను 16 నుంచి 10కి తగ్గించారు. ఖర్చుల లెక్కలు నాకు తెలియనివి కావు. అయినా తగ్గించినప్పుడల్లా, మిగిలిన ఆరు జట్లూ ఆ నెలలో ఎక్కడ ఆడతాయి అన్న ప్రశ్నకు ప్లాన్‌లో జవాబు ఉండాలి.

మొదటి మ్యాచ్‌లో చిత్తుగా ఓడిన జట్టును అక్కడే తీసిపారేయడం కూడా తప్పే. సమోవా 2022 మొదటి మ్యాచ్‌లో ఇంగ్లండ్ చేతిలో 60-6తో ఓడింది. నాలుగు వారాలకు సెమీఫైనల్‌లో అదే ఇంగ్లండ్‌ను అదనపు సమయంలో 27-26తో ఓడించి ఫైనల్‌కు వెళ్ళింది. ఒక్క ఓటమితో ఇంటికి పంపే పద్ధతి పెట్టి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

పసిఫిక్ దీవుల గురించి చెప్పకుండా ఈ ఆట గురించి మాట్లాడలేం. 2017 ప్రపంచ కప్‌లో జేసన్ తౌమలోలో అనే ఆటగాడు న్యూజిలాండ్ జట్టును వదిలి, తక్కువ డబ్బు వస్తుందని తెలిసీ, తన పూర్వీకుల టోంగాకు ఆడాడు. హామిల్టన్‌లో టోంగా 28-22తో న్యూజిలాండ్‌ను ఓడించింది. అమ్మమ్మ, తాతల దేశానికి ఆడే హక్కు ఈ ఆటకు ప్రాణం. ప్లాన్ చేసేవాళ్ళు చేయాల్సిందల్లా ఆ కాగితాల పని చాలా ముందు మొదలుపెట్టడం. తాతగారి జనన పత్రం దీవిలోని ఏ పాత రిజిస్టర్‌లోనో ఉంటుంది, వారంలో రాదు.

ఆచారాలకు కూడా నిమిషాలు కేటాయించాలి. ఫిజీ ఆటగాళ్ళు మ్యాచ్ ముందు 'నొంగు మసు' అనే ప్రార్థన గీతం పాడతారు. టోంగా, సమోవా ఎదురెదురైతే రెండు జట్లూ తమ యుద్ధ నృత్యం చేస్తాయి. టీవీవాళ్ళు త్వరగా కానివ్వమంటారు. ఒప్పుకోవద్దు. షెడ్యూల్‌లో 'జాతీయ గీతాలు' అన్న వరుస కింద ఆ నిమిషాలు విడిగా రాసి ముందే ఇచ్చేస్తే గొడవే ఉండదు. ఆదివారాల సంగతి కూడా అంతే. టోంగా రాజ్యాంగంలోనే ఆదివారం పవిత్ర దినం. టోంగాకు ఆడిన విల్ హోపోయేట్ మత విశ్వాసం వల్ల 2016లో తన క్లబ్ ఆదివారం మ్యాచ్‌లకు దూరంగా ఉన్నాడు. అతనిలాంటి ఒక్క ఆటగాడు ఉన్నా, డ్రా వేసేవాళ్ళు ఆ సంగతి ముందు తెలుసుకోవాలి.

డబ్బు గురించి ఒక్క ముక్క. 2025 ప్రపంచ కప్ ఫ్రాన్స్‌కు ఇచ్చారు. 1954లో మొట్టమొదటి ప్రపంచ కప్ జరిపిన దేశం అది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీకి లొంగిన అక్కడి విషీ ప్రభుత్వం 1941లో ఈ ఆటను నిషేధించి ఆస్తులు లాక్కుంటే, మళ్ళీ లేచి ప్రపంచ కప్ పెడదామని ముందుకొచ్చిన దేశం. అలాంటి ఫ్రాన్స్ ప్రభుత్వ ఆర్థిక హామీ దొరక్క 2023లో తప్పుకుంది. హామీ కాగితం మీద సంతకం పడేదాకా ఆటగాళ్ళకు తేదీలు చెప్పకండి. తేదీ చెప్పిన మరుక్షణం ఎవరో ఒకరు సెలవు పెట్టుకుంటారు, అప్పు చేస్తారు.

చివరిగా నేను వాడే రిజిస్ట్రేషన్ ఫారం గురించి చెప్పి ముగిస్తాను. పేరు, జట్టు, జెర్సీ సైజు, అలర్జీలు అన్నీ అయ్యాక కింద ఒక ప్రశ్న ఉంటుంది: ఇక్కడికి రావడానికి మీరు ఏం వదులుకుని వస్తున్నారు? జవాబు ఇష్టమైతేనే రాయవచ్చు. మొదటిసారి ఆ ప్రశ్న పెట్టినప్పుడు చాలామంది ఖాళీగా వదిలేస్తారనుకున్నాను. వదల్లేదు. 'రెండు వారాల జీతం' అని ఎక్కువమంది రాశారు. 'పాప ఇంకా పాలు తాగుతోంది' అని ఒకామె రాసింది. ఆమెకు పక్క గది ఇచ్చాం, ఆమె అమ్మ వచ్చింది. ఒక వీల్‌చైర్ ఆటగాడు రాశాడు: 'ఏమీ వదులుకోవడం లేదు. కానీ ఈ కుర్చీ విరిగితే ఇంకోటి కొనలేను, ఆడటం ఆగిపోతుంది.' రెండో మ్యాచ్‌లో అతని ముందు కడ్డీ విరిగింది. వెల్డర్ అప్పటికే గేటు దగ్గర ఉన్నాడు. ఇరవై నిమిషాల్లో అతికించి ఇచ్చాడు, అతను సెకండ్ హాఫ్ ఆడాడు.

ఆ ఫారం కాపీలు, కొలతలు రాసుకునే కాగితం ముందు బల్ల మీద ఉన్నాయి. తీసుకెళ్ళండి. ఇక మీ ప్రశ్నలు అడగండి.